ప్రయోగశాల నుంచి రోగి పడక వరకు

ఢిల్లీలో అన్సారీ నగర్ వైపు వెళ్ళినవారెవరైనా ఆ దృశ్యం చూసే ఉంటారు. రోడ్డుకు ఒక వైపున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, దానికెదురుగా సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. రెంటికీ నడుమ కాలిబాటల మీదా, మెట్రో స్టేషను మెట్ల పక్కనా, బస్సులు ఆగేచోట రేకుల నీడనా ఒక చిన్న ఊరే కాపురముంటుంది. బీహారు నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన రోగులు, వారి బంధువులు, వారి దుప్పట్లు, గిన్నెలు, ప్లాస్టిక్ సంచులలో ఎక్స్‌రే ఫిల్ములు. పార్లమెంటు భవనానికి ఈ చోటు కొద్ది మైళ్ళ దూరం. సమావేశాలు జరిగే రోజులలో నేను ఆ దారినే వస్తూ పోతూ ఉంటాను గనుక, అక్కడివారితో రెండు మాటలాడటం అలవాటయింది.

పోయిన చలికాలంలో బీహారుకు చెందిన ఒక రైతుకూలీ అక్కడ నన్ను ఆపి ఒక కాగితం చేతికిచ్చాడు. అతని కూతురికి పధ్నాలుగేళ్ళు. చిన్నతనంలో గొంతునొప్పి, తరువాత కీళ్ళవాత జ్వరం, ఆ తరువాత గుండె కవాటం చెడిపోవటం. ఇరుకు గుడిసెలలో పెరిగే పిల్లలను ఈ జబ్బు సాధారణంగా ఈ వరుసలోనే పట్టుకుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషనుకు తేదీ దూరాన పడింది. నగరంలోనే మరొక ఆసుపత్రివారు త్వరగా చేస్తామని ఖర్చు అంచనా రాసి ఇచ్చారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని చదివి చెప్పమన్నాడు. కవాటం పద్దు కింద రెండు పంక్తులున్నవి. ఒకటి విదేశీ కవాటం, రెండవది దేశీయ కవాటం. మొదటిదాని ఎదుట వేసిన అంకె రెండవదానికి రెట్టింపుకు పైనే. చదివి వినిపించాను. అతను కాసేపు ఊరుకుని, "బాబూజీ, మీ ఇంటి పిల్లకయితే ఇందులో ఏది పెట్టిస్తారు?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండవ పంక్తి ఆ కాగితం మీదికి రావటానికి ఎంతకాలం పట్టిందో, ఎవరెవరు ఎన్ని చోట్ల తలుపులు తట్టవలసి వచ్చిందో నాకు కొంత తెలుసు. అయినా కన్నపిల్ల విషయం వచ్చేసరికి నోట మాట తేలికగా రాలేదు. వర్ధమాన దేశాలలో చౌక వైద్య పరికరాల సమస్య అంతా ఈ తటపటాయింపు చుట్టూనే తిరుగుతున్నదని నాకనిపిస్తున్నది. అందుకే ఈ వారం మంత్రివర్గ వార్తలను పక్కనబెట్టి దీనిని గురించి రాస్తున్నాను.

ఆ దేశీయ కవాటం పుట్టినది తిరువనంతపురంలో. తిరువాన్కూరు రాజకుటుంబం ప్రజలకు ఇచ్చిన ఆసుపత్రి భవనంలో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ మొదలయింది. పూజప్పురలోని సాటెల్‌మండ్ ప్యాలెస్ అనే పాత రాజభవనం దాని పరికరాల ప్రయోగశాల అయింది. డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ అనే శస్త్రచికిత్సకుడు సంస్థకు తొలి డైరెక్టరు. ఆయన అమెరికాలో చార్లెస్ హఫ్నగెల్ వద్ద పనిచేసి వచ్చినవారు. మనిషి దేహంలో మొట్టమొదటి కృత్రిమ కవాటాన్ని 1952లో అమర్చినవాడు ఆ హఫ్నగెల్. తిరిగివచ్చిన వలియత్తాన్‌కు ఎదురైన సంగతి విచిత్రమైనది. కవాటం మార్చే నేర్పు తన చేతిలో ఉన్నది, మార్చవలసిన రోగులు వరండాలో ఉన్నారు, మధ్యన కవాటం లేదు. ఉన్నా దానిని కొనగలవారు లేరు.

ఆసుపత్రినీ, పరికరాలు తయారుచేసే సాంకేతిక విభాగాన్నీ ఒకే కప్పు కిందికి తెస్తూ పార్లమెంటు 1980లో ఈ సంస్థకై ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఇంజనీరు, లోహశాస్త్రజ్ఞుడు, శస్త్రచికిత్సకుడు రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఏర్పాటు మన దేశంలో అంతకుముందు లేదు. ఢిల్లీ ప్రభుత్వశాఖలను ఎరిగినవారికి ఇది ఎంత అపురూపమో వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆరోగ్యశాఖ ఫైలు శాస్త్రసాంకేతిక శాఖకు పోయి తిరిగి రావటానికి ఒక రుతువు మారుతుంది.

కవాటం చూడటానికి ఒక రూపాయి బిళ్ళంత వస్తువు. లోహపు వలయం, అందులో వాలుతూ లేస్తూ ఉండే ఒక బిళ్ళ, గుండెకు కుట్టటానికి చుట్టూ పాలియెస్టరు గుడ్డ అంచు. కాని అది ఏడాదికి సుమారు 4 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. దశాబ్దాల తరబడి అరగకూడదు, విరగకూడదు, దానిమీద నెత్తురు గడ్డకట్టకూడదు. శ్రీ చిత్రలో చేసిన మొదటి మూడు నమూనాలు విఫలమైనవి. ఒకదానిలో లోహపు కమ్మె విరిగింది. మరొకదానిలో కృత్రిమ నీలమణితో చేసిన బిళ్ళ గొర్రె గుండెలో పగిలింది. ప్రజాధనాన్ని వృథా చేస్తున్నారన్న మాట వినబడటానికి ఇంతకన్న ఏం కావాలి? దిగుమతి చేసుకోరాదా అన్న సలహా మన దేశంలో ఎప్పుడూ ఉచితంగా దొరుకుతుంది. నాలుగవ నమూనాలో కోబాల్టు, క్రోమియం కలిసిన గట్టి మిశ్రలోహాన్ని వలయానికీ, ఒక ప్రత్యేకమైన పాలిథిలీనును బిళ్ళకూ వాడారు. అది నిలిచింది. 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. 1995 వరకు ఆరు ఆసుపత్రులలో 306 మంది రోగులకు అమర్చి, వారి స్థితిగతులను ఏళ్ళ తరబడి గమనించి లెక్కలు ప్రచురించారు.

ఇంతవరకు శాస్త్రజ్ఞుల పని. ఇక్కడ ఆగిపోయిన పరికరాలు మన ప్రయోగశాలల అల్మారాలలో ఎన్నో ఉన్నవి. ఈ కవాటం ఆగిపోకపోవటానికి కారణం, మద్రాసుకు చెందిన టి.టి.కె. సంస్థ దానిని తయారుచేయటానికి ముందుకు రావటం. వంటింటి కుక్కర్లతో ఇంటింటికీ తెలిసిన వ్యాపార కుటుంబం అది. గుండె కవాటంలో లాభం వెంటనే రాదనీ, ఒక్కటి విరిగినా కుటుంబం పేరు పోతుందనీ తెలిసి చేతులు పెట్టారు. దిగుమతి కవాటం ధరలో సగంకన్న తక్కువకు అది మార్కెట్టులోకి వచ్చింది. నేటికి లక్షకు పైగా గుండెలలో అమర్చారు. అదే సంస్థ నుంచి నెత్తురు నిలవచేసే సంచుల తయారీ విధానాన్ని తీసుకుని, ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదులుకున్న సి. బాలగోపాల్ పెట్టిన కంపెనీ కూడా నిలదొక్కుకున్నది. గాజుసీసాలలో నెత్తురు పట్టే రోజులు పోవటానికి అది తోడ్పడింది. వలియత్తాన్ 2024 జూలైలో కన్నుమూశారు. ఆ రోజున ఢిల్లీ పత్రికలు మరేవో రాజకీయాలలో మునిగి ఉన్నవి.

లక్ష అన్నది పెద్ద అంకెలాగే కనబడుతుంది. ముప్పయి ఏళ్ళకు పైబడిన కాలానికీ, మన జనాభాకూ పంచి చూస్తే అంత పెద్దదిగా కనబడదు. ధర తక్కువైనంత మాత్రాన వస్తువు రోగికి చేరదని నాకు మొదట బోధపడినది ఇక్కడే. కవాటాన్ని ఎన్నుకునేవాడు రోగి కాదు, డాక్టరు. డబ్బు చెల్లించేవాడు డాక్టరు కాదు, రోగి. అమ్మేవాడికి వీరిద్దరిలో ఎవరి మనసు గెలవాలో బాగా తెలుసు. కూరగాయల అంగడిలో చౌక సరుకు ముందు అమ్ముడుపోతుంది. ఆసుపత్రిలో చౌక సరుకును చూస్తే అనుమానం పుడుతుంది.

ఈ అనుమానాన్ని జయించిన కథ ఒకటి మన పక్కనే, మదురైలో ఉన్నది. దానిని చెప్పబోయే ముందు మా పెద్దమ్మ ప్రసక్తి తేవాలి. నా చిన్నతనంలో ఆమెకు కంటి శుక్లాల శిబిరంలో ఆపరేషను చేసి, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చి పంపారు. ఆ రోజులలో శుక్లంతోబాటు కంటిలోని సహజ కటకాన్ని తీసివేసి, దానికి బదులు ముక్కుమీద అద్దం పెట్టేవారు. ఆ అద్దంలో నుంచి చూస్తే లోకం పెద్దదై, వంకరపోయి, పక్కన ఉన్నది మాయమవుతుంది. మెట్టు ఎక్కడున్నదో తెలియక పెద్దమ్మ రెండుసార్లు పడింది. కళ్ళద్దాలు పగిలిన తరువాత మళ్ళీ కొనలేదు. "కనబడకపోయినా తడుముకుని నడవటం వచ్చు నాయనా, ఈ అద్దాలతో అదీ పోయింది" అనేది. ఆపరేషను జరిగినట్టు ప్రభుత్వ లెక్కలలో ఒక అంకె పెరిగింది గాని, పెద్దమ్మకు చూపు వచ్చిందని నేననలేను.

కంటి లోపలే కృత్రిమ కటకం అమర్చే పద్ధతి అప్పటికే కొత్తదేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు పగిలి, ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగబడినా కన్ను వాటిని భరిస్తున్నదని లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించారు. 1949 నవంబరులో అదే పదార్థంతో కటకం చేసి మొదటిసారి అమర్చారు. దశాబ్దాల వ్యతిరేకత తరువాత ధనిక దేశాలలో అది సర్వసామాన్యమయింది. కాని 1980లలో ఒక్కొక్క కటకం ధర 100 డాలర్లకు పైమాటే. పేద దేశాలకు సోడాబుడ్డి అద్దాలే చాలునని, కటకాలు వారికి తగని విలాసమని వాదించిన అంతర్జాతీయ నిపుణులు లేకపోలేదు. మన నిపుణులలో కూడ అటువంటివారు ఉండేవారు. పేదవాడి కంటికి ఒక ప్రమాణం, ధనికుడి కంటికి మరొక ప్రమాణం అన్నమాట. ఖర్చుల లెక్క పేరుతో చెప్పినప్పుడు ఈ మాటలోని క్రూరత్వం వినేవారికి తట్టదు.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో ప్రభుత్వోద్యోగం నుంచి విరమించి, మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. కీళ్ళ జబ్బుతో వంకరపోయిన వేళ్ళతోనే శస్త్రచికిత్స నేర్చుకున్న మనిషి ఆయన. దానంగా వచ్చే విదేశీ కటకాల మీద ఎంతకాలం ఆధారపడటం అన్న ప్రశ్న ఆయన ఆసుపత్రిలోనే పుట్టింది. డేవిడ్ గ్రీన్ అనే అమెరికన్ తోడ్పాటుతో 1992లో అరోల్యాబ్ అనే కర్మాగారం నెలకొల్పారు. మొదట పది డాలర్ల ప్రాంతానికి, క్రమేణా మామూలు రకాన్ని రెండు మూడు డాలర్లకు దించారు. నేడు నూటికి పైగా దేశాలకు అక్కడి కటకాలు పోతున్నవి.

చౌకగా ఎలా చేయగలిగారని అడిగితే, కూలి తక్కువ గనుక అని తేలికగా చెప్పేవారున్నారు. అది పూర్తి జవాబు కాదు. అసలు బలం, కర్మాగారం గేటు పక్కనే కొనుగోలుదారు ఉండటం. ఏడాదికి లక్షలలో ఆపరేషన్లు చేసే ఆసుపత్రి తన అవసరానికి తానే కటకాలు చేసుకుంటే అమ్మకం ఖర్చు లేదు, డాక్టర్లను మెప్పించే కానుకలు లేవు, ఏజెంటుకు వాటా లేదు. తన రోగి కంటిలోనే పెట్టవలసిన వస్తువు గనుక నాణ్యం మీద కన్ను మూసుకునే వీలూ లేదు. డబ్బు ఇచ్చే రోగుల ఆదాయంతో ఇవ్వలేనివారికి ఉచితంగా చేసే పద్ధతి అక్కడ ముందే ఉన్నది. దాదాపు అదే కాలంలో ఖాట్మండులో డాక్టర్ సందుక్ రుయిత్, ఆస్ట్రేలియా వైద్యుడు ఫ్రెడ్ హాలోస్ పేరిట ఏర్పడిన సంస్థ సాయంతో తిల్‌గంగాలో మరొక కటకాల కర్మాగారం పెట్టారు. కొండల మీద గాడిద దారులు తప్ప రోడ్డులేని జిల్లాలకు ఆ కటకాలు చేరినవి. నేపాల్ వంటి దేశం ఈ పని చేయగలదని ఢిల్లీలో ఎవరూ ముందుగా ఊహించలేదు.

ప్రభుత్వం ఇక్కడ ఏం చేసింది? ఒక్క మంచిపని చేసింది, కొనింది. ప్రపంచ బ్యాంకు సుమారు 118 మిలియన్ డాలర్ల రుణంతో 1994 నుంచి 2002 వరకు ఏడు రాష్ట్రాలలో శుక్లాల నివారణ పథకం నడిచింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సోడాబుడ్డి అద్దాల నుంచి కటకాలకు దేశం మళ్ళినది ఆ పథకంలోనే. శస్త్రచికిత్సకులకు కొత్త పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ వంటివి పల్లెలలో కంటి వైద్యానికి రూపమిస్తున్న కాలం కూడ అదే. కటకం చౌక కావటం, కొనే ప్రభుత్వం ఉండటం, అమర్చగల చేతులు తయారు కావటం, ఈ మూడూ ఒకేసారి కుదిరినవి. నేను చూసినంతలో మన దేశంలో ఇలా కుదిరిన సందర్భాలు బహు తక్కువ.

కుదరని సందర్భానికి స్టెంటు మంచి ఉదాహరణ. గుండె రక్తనాళంలో అమర్చే ఈ చిన్న లోహపు జల్లెడగొట్టాన్ని దేశంలోనే చేయాలని 1990లలో అబ్దుల్ కలాం, హైదరాబాదు హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు సంకల్పించారు. రక్షణశాఖ ప్రయోగశాలల లోహవిజ్ఞానం తోడుగా కలాం–రాజు స్టెంటు తయారయింది. నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లల కాళ్ళకు కట్టే మూడు కిలోల ఇనుప పట్టాలకు బదులుగా, క్షిపణులకు వాడే తేలిక పదార్థంతో 300 గ్రాముల పట్టాలు చేయించినది కూడ కలాం గారే. తన జీవితంలో పొందిన ఆనందాలలో ఒకటిగా దానిని ఆయన చెప్పుకునేవారు. స్టెంటు ధరలు దిగిరావటానికి ఆ ప్రయత్నం కొంత కారణమయింది. కాని ఆ స్టెంటు మార్కెట్టులో నిలువలేదు. మందుపూత పూసిన కొత్తరకం విదేశీ స్టెంట్లు వచ్చినవి. ఒక నమూనాతో ఆగక ఏటేటా మెరుగుపరచుకుంటూ పోయే వ్యాపార యంత్రాంగం మన ప్రయోగశాలల వెనుక లేదు.

తరువాతి కాలంలో జరిగినది అందరికీ తెలిసినదే. మందుపూత స్టెంటు రోగి బిల్లులో లక్ష రూపాయలు దాటింది. ఢిల్లీ హైకోర్టులో ఒక న్యాయవాది ప్రజాహిత వ్యాజ్యం వేసిన తరువాతనే కేంద్రం కదిలి, 2016లో స్టెంట్లను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధరలు నిర్ణయించింది. మామూలు లోహపు స్టెంటు 7,260 రూపాయలు, మందుపూతది 29,600 రూపాయలు. కర్మాగారం నుంచి రోగి వరకు వచ్చే దారిలో లాభం 654 శాతం దాకా పోతున్నదని ఆ సంస్థే లెక్కలు బయటపెట్టింది. అందులో పెద్ద వాటా తయారీదారుది కాదు, ఆసుపత్రిది. ఈ ఉత్తర్వు వచ్చిన వారంలో ఢిల్లీలోని విలేఖరుల సమావేశాలలో నేను విన్న వాదనలు చిత్రమైనవి. ధర తగ్గిస్తే కొత్త సాంకేతిక విజ్ఞానం దేశానికి రాదన్నారు. పేదవాడికి అందని విజ్ఞానం వచ్చినట్టా రానట్టా అని ఒక విలేఖరి అడిగితే సమాధానం లేదు.

దేశంలో చేసే స్టెంట్ల నాణ్యం మాటేమిటి? సూరత్‌లో తయారయ్యే ఒక స్టెంటును యూరప్‌లో ఏడు దేశాలలో, 23 ఆసుపత్రులలో, 1,435 మంది రోగుల మీద ఒక ప్రసిద్ధ అమెరికన్ స్టెంటుతో పోల్చి చూశారు. అది దేనికీ తీసిపోదని తేలి, 2019లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చినవి. సూరత్ సరుకును నమ్మటానికి ఢిల్లీ డాక్టరుకు యూరప్ సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. ఇది మన దాస్యబుద్ధి అని తిట్టిపోయటం సులభం. నేనలా అనను. మన దేశంలో పరికరాల పరీక్షకు నమ్మదగిన ఏర్పాటు అసలు ఎప్పుడు ఏర్పడింది? స్టెంట్లు, కవాటాలు, కంటి కటకాలు వంటి కొన్నింటిని 2005లో మొదటిసారి ఔషధ చట్టం కిందికి తెచ్చారు. పరికరాలకు విడిగా నియమావళి 2018 జనవరి నుంచి అమలయింది. అన్ని పరికరాలూ చట్టం పరిధిలోకి వచ్చినది 2020లో. అప్పటిదాకా మంచి తయారీదారుకూ, సందులో షెడ్డు వేసుకున్నవాడికీ తేడా చెప్పే ముద్ర లేదు. ముద్ర లేనిచోట డాక్టరు విదేశీ పేరును నమ్ముకున్నాడంటే తప్పంతా అతనిది కాదు. ఇంకొక ముచ్చట: విదేశీ ధ్రువపత్రం ఉంటేనే టెండరు వేయాలన్న షరతు మన ప్రభుత్వ ఆసుపత్రుల టెండర్లలోనే ఉంటున్నదని స్వదేశీ తయారీదారులు ఎన్నో ఏళ్ళు మొరపెట్టుకున్నారు.

చౌక అన్నంత మాత్రాన కళ్ళు మూసుకుని హారతి పట్టనక్కరలేదు కూడ. 2020లో కరోనా వేళ 50,000 స్వదేశీ వెంటిలేటర్లకు పీఎం కేర్స్ నిధి నుంచి 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. మరుసటి ఏడాది రెండవ ఉప్పెనలో వాటిలో కొన్ని సరిగా పనిచేయటం లేదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి ముందు విచారణ జరిగింది. యంత్రం లోపమా, నడిపేవారికి శిక్షణ లేకపోవటమా అన్న తగాదా నడుస్తుండగానే రోగుల ప్రాణాలు ఆక్సిజను కోసం కొట్టుకుంటున్నవి. టీకాలలోనూ అటువంటిదే ఒకటి జరిగింది. కె. ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, దేశంలో మొదటి జన్యుసంయోజిత టీకాను, అంటే హెపటైటిస్–బి టీకాను, 1997లో తెచ్చారు. పెట్టుబడి ఒమన్ నుంచి రావలసి వచ్చింది. ఆ టీకా విదేశీ టీకాల ధరను కూలదోసింది. అదే కంపెనీ విదేశీ యాజమాన్యం కిందికి పోయిన తరువాత, 2010లో, ఐదు జబ్బుల టీకా సీసాల అడుగున తెల్లటి మడ్డి కనబడగా ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని అర్హతను రద్దుచేసింది. తిరిగి సంపాదించుకోవటానికి 2014 వరకు పట్టింది. నమ్మకం అనేది కూడ తయారుచేయవలసిన వస్తువే. దాని తయారీకి చాలాకాలం పడుతుంది.

కాలం సంగతి వచ్చింది గనుక రోటావైరస్ టీకా కథ చెప్పాలి. అది ఈ కాలిబాటకు ఎదురుగానే మొదలయింది. 1985–86లో వైద్య విజ్ఞాన సంస్థలో పుట్టిన శిశువులకు ఒక రకం రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు. అలా సోకిన పిల్లలకు తరువాత ఆ జబ్బు నుంచి రక్షణ కూడ లభించింది. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందం ఆ వైరస్‌ను పట్టి నిలవచేసింది. ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రయోగశాలలు, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాదులోని భారత్ బయోటెక్ చేయికలిపి దానిని టీకాగా మలచటానికి రమారమి ముప్పయి ఏళ్ళయింది. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది పసిపిల్లలతో జరిపిన పరీక్షలో తీవ్రమైన జబ్బును సగానికి కొంచెం పైగా నివారిస్తుందని తేలింది. డోసుకు ఒక డాలరు అని ముందే మాట ఇచ్చారు. 2015 మార్చిలో విడుదలయింది. 2016లో సార్వత్రిక టీకా పథకంలో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉన్నది. పరీక్ష జరిగిన చోట్ల పేగు మడతపడే అరుదైన ప్రమాదం గురించిన వివరాలు కేంద్రాలవారీగా బయటపెట్టాలని కొందరు ప్రజారోగ్య నిపుణులు కోరారు. అది న్యాయమైన కోరికే. స్వదేశీ టీకా అన్న గర్వం ఆ ప్రశ్నకు జవాబు కాజాలదు. ఇక్కడ కూడ, మదురైలో వలెనే, కొనేది ఎవరో ముందే తెలుసు. ప్రభుత్వమే కొంటుందని తెలిసి కంపెనీ కర్మాగారం కట్టింది.

కొనేవాడు లేని వస్తువుకు ఎటువంటి గతి పడుతుందో ఢాకాలో చూడవచ్చు. డాక్టర్ మహమ్మద్ జోబాయెర్ చిస్తీ 1996లో సిల్హెట్‌లో కొత్తగా డాక్టరయిన రోజులలో, న్యుమోనియాతో ముగ్గురు పిల్లలు ఒకే రాత్రి తన కళ్ళ ముందు పోవటం చూశారు. తరువాత ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రంలో, ఖాళీ షాంపూ సీసాలో నీరు పోసి, ఆక్సిజను గొట్టం చివరను అందులో ముంచారు. బిడ్డ విడిచే ఊపిరి బుడగలుగా పైకి వచ్చినప్పుడు పుట్టే ఒత్తిడి ఊపిరితిత్తులను తెరిచి ఉంచుతుంది. వెంటిలేటరు వేల డాలర్ల యంత్రం, ఇది చెత్తబుట్టలో దొరికే సీసా. 2015లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చినవి. ఢాకా ఆసుపత్రిలో అది దినచర్య అయింది. కాని షాంపూ సీసాను ఏ కంపెనీ ఏజెంటూ సంచిలో పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగడు. లాభం లేని వస్తువుకు ప్రచారకుడుండడు. దానికి సర్కారే ప్రచారకుడు కావాలి. సర్కారుకు రిబ్బను కత్తిరించటానికి యంత్రం కావాలి గాని సీసా పనికిరాదు. ఉప్పు, బెల్లం, నీరు కలిపే విద్యను బంగ్లాదేశ్‌లో 1980లలో బ్రాక్ సంస్థ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు నేర్పవలసి వచ్చినది ఇందుకే.

కేంద్రం ఇప్పుడు ఏమంటున్నది? పరికరాల తయారీకి 2020లో 3,420 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం, 2023లో జాతీయ విధానం ప్రకటించింది. విశాఖపట్నంలో 270 ఎకరాలలో వైద్య పరికరాల కేంద్రం నడుస్తున్నది. చిన్న తయారీదారు సొంతంగా కొనలేని పరీక్షా యంత్రాలను అక్కడ ఉమ్మడిగా వాడుకోవచ్చు. ఆలోచన మంచిదే. తయారీకి సొమ్ము కేటాయించటం ఢిల్లీకి ఇష్టమైన పని, ఫ్యాక్టరీని చూపించి ఫొటో తీయించుకోవచ్చు. కొనుగోలు సంగతి వచ్చేసరికి, అన్నిటికన్న తక్కువ ధర రాసినవాడికే టెండరు ఇచ్చి, రెండేళ్ళకు పాడయితే బాగుచేసేవాడు ఉన్నాడా లేడా అని చూడని పాత అలవాటే చాలాచోట్ల సాగుతున్నది. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు ఆపరేషనుకు ఇంత అని మొత్తం కట్టి ఇస్తున్నవి గనుక, చౌక పరికరం వాడితే ఆసుపత్రికే మిగులు. ఈ ఒక్క ఏర్పాటు స్వదేశీ పరికరానికి నూరు ఉపన్యాసాలు చేయలేని మేలు చేయగలదు. ఏ పరికరం వాడారో, అది ఎంతకాలం నిలిచిందో లెక్క రాసి ప్రజలకు చూపించే నియమం కూడ దానికి తోడు కావాలి.

ఆ బీహారు కూలీ పేరు ఆయుష్మాన్ జాబితాలో లేదు. ఎందుకు లేదో అతనికి తెలియదు, అతని ముఖియాకూ తెలియదట.

అసలు గొంతునొప్పి వచ్చిననాడే చౌకగా దొరికే పెన్సిలిన్ ఇప్పించి ఉంటే కవాటం దాకా రాకపోయేదని నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "రెండవదే పెట్టిస్తాను" అన్నాను. లక్షమందికి అమర్చారనీ, ముప్పయి ఏళ్ళ లెక్కలున్నవనీ, మిగిలిన డబ్బు ఇంటికి వెళ్ళాక మానకుండా వాడవలసిన మందుకు, నెత్తురు పరీక్షలకు కావాలనీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. తరువాత కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "డాక్టరు సాబ్ మొదటిదాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టాడు బాబూజీ" అన్నాడు.